అద్దం మీద ఆవిరి

సుందర్‌రాజు అటక మీది రేకు పెట్టె దించి నడింట్లో పెట్టాడు, పోయిన వారం అక్కడే ఆగాం. "సోమారం పొద్దుగాల బస్సుకు పోతున్నం, పిల్ల బట్టలు సర్దు" అని భార్యకు చెప్పి, అతను పటాన్‌చెరు ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టుకు వెళ్లిపోయాడు. లీలమ్మ ఆ పెట్టె చుట్టూ ఊడ్చింది, దాని పక్కనుంచే వచ్చింది, పోయింది. మూత మాత్రం తెరవలేదు.

వాళ్ల కూతురు హన్నాకు అయిదు నిండి ఆరో ఏడు నడుస్తోంది. అంగిట్లో చీలికతో పుట్టిన పిల్ల. పెదవి చక్కగానే ఉంది కాబట్టి చూసేవాళ్లకు ఏ లోపమూ కనిపించేది కాదు. పాలు తాగిస్తే ముక్కులోంచి వచ్చేవి. మాటలు వచ్చే వయసులో ప్రతి మాటా ముక్కులోకే జారిపోయేది. ఎనిమిది నెలల కిందట హైదరాబాద్‌లో డాక్టర్లు ఆ చీలికను మూసి కుట్టారు. కుట్లు మానాయి, పాలు ముక్కులోకి రావడం ఆగింది. ఇక మాటే తరువాయి అని ఇంటిల్లిపాదీ ఎదురుచూశారు. మాట రాలేదు. అదే ముక్కు గొణుగుడు, గొంతులో అదే నొక్కుడు.

అప్పుడు దొరికింది కనకమహాలక్ష్మి. రాజమండ్రి వైపు మనిషి. భర్త ఉద్యోగం వల్ల రామచంద్రాపురం క్వార్టర్లలో కాపురముంటోంది. మాట సరిగా రాని పిల్లలకు మాట నేర్పే చదువు పెళ్లికి ముందు మైసూరులో చదివింది. మూడు నెలల పాటు ప్రతి శనివారం లీలమ్మ తమ ఊరు ఇంద్రేశం నుంచి పిల్లను ఆవిడ వరండాకు తీసుకుపోయింది. హన్నాకు పా, బా, తా, దా, టా, డా వచ్చాయి. విడివిడిగా వచ్చాయి, అంతే. మాటలో కలిపితే మళ్లీ ముక్కులోకే. ఈలోగా ఊరి బడి పెద్దసారు, పిల్ల తన పేరూ ఊరూ తెలిసేట్టు చెబితేనే జూన్‌లో చేర్చుకుంటానన్నాడు. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ పట్నంలో చెవిటి, మూగ పిల్లల హాస్టలు ఒకటుందని చెప్పాడు. సుందర్‌రాజు శనివారాల పాఠం మాన్పించాడు.

అలా రెండు శనివారాలు గడిచాయి. మూడోది ఇవాళ.

మధ్యాహ్నం మూడు దాటింది. షిఫ్టు దిగి వచ్చిన సుందర్‌రాజు కాళ్లు కడుక్కుంటున్నాడు. వాకిట్లో రిక్షా ఆగింది. మే నెల ఎండలో పటాన్‌చెరు నుంచి వచ్చిన రిక్షా అది. లోపలి నుంచి గొడుగూ, గుడ్డసంచీ, ఆ వెనక చెమటతో తడిసిన కనకమహాలక్ష్మీ దిగారు.

"రెండు వారాలు రాలేదు కదండీ. పాపకి ఒంట్లో బాగోలేదేమోనని వచ్చాను" అంది ఆవిడ.

లీలమ్మ గడపలో నిలబడి నేల చూసింది. సుందర్‌రాజు తల్లి ఏసమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. మర్యాదకు లోటు చేసే మనిషి కాదు, మాట దాచుకునే మనిషీ కాదు.

"పిల్లకు మంచిగనే ఉన్నది టీచరమ్మా. ఇగ మీ ఇంటికి రాదు."

కనకమహాలక్ష్మి నీళ్లు తాగి, లోపలికి వచ్చి, పెట్టెను చూసింది. "ఊరెళ్తున్నారా?"

"పిల్లను పట్నంల హాస్టల్ల ఏస్తున్నం" అన్నాడు సుందర్‌రాజు. "చెవిటోళ్లకు, మూగోళ్లకు అండ్ల మంచిగ చెప్తరంట."

"హన్నా చెవిటిది కాదండీ. మూగదీ కాదు."

"మరేంది?" అతని గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ వినిపించింది. "ఆపరేషన్ మంచిగ అయిందన్నడు డాక్టర్ సాబ్. నేను సూసిన, తొర్ర మూసుకున్నది. మరి మాటేది? నా బిడ్డ నన్ను ఏమడుగుతుందో ఇయ్యాల్టికీ నాకు తెల్వదు టీచరమ్మా. కండ్లల్ల నీళ్లు పెట్టుకొని ఏందో అడుగుతది, నేను పండు తెస్త, గది కాదంటది. బొమ్మ తెస్త, గది కాదంటది. అది ఏం చెప్పినా సమజయ్యేది ఈ ఇంట్ల మా బాపు ఒక్కనికే. ఆయన చెప్పలేడు."

ఆ బాపు మూలన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. సుందర్‌రాజు తండ్రి అహరోను. అరవై ఏళ్ల మనిషి, ఎండకు నల్లబడ్డ భుజాలు. ఊరంతా ఆయన్ను మూగ అహరోను అంటారు. హన్నా ఆయన ఒళ్లో కూర్చుని, టీచరమ్మ సంచీ వైపే చూస్తోంది.

"దేవుడు రాసింది ఎవలు తీస్తరు?" అంది ఏసమ్మ. "దీని తల్లి గ్రహణం నాడు సొరకాయ కోసింది. కడుపుతోని ఉన్నవు, కత్తి పట్టకు అని చిలకకు చెప్పినట్టు చెప్పిన. విన్నదా? ఏసు గుడికి పోయేటోళ్లకు గ్రహణం ఏందని నవ్వింది. కోసిన పాపం కుట్లేస్తె పోతదా?"

ఈ మాట లీలమ్మకు కొత్త కాదు. అయిదేళ్లుగా పండక్కీ పబ్బానికీ, పిల్లకు దగ్గొచ్చినా, తుమ్మొచ్చినా వింటున్న మాటే. మొదట్లో ఏడ్చేది. తర్వాత తర్వాత ఆ సొరకాయను తనే తలుచుకోవడం మొదలుపెట్టింది. నిజంగా దానివల్లే ఏమో అని.

కనకమహాలక్ష్మి చాప మీద కూర్చుంది. "నాకొక్క అరగంట ఇవ్వండి సుందర్‌రాజు గారూ. ఆ తర్వాత మీ ఇష్టం."

ఆవిడ సంచీలోంచి అరచేతి పాటి గుండ్రటి అద్దం తీసి కొంగుతో తుడిచింది. హన్నా దగ్గరికి పోలేదు. నేరుగా సుందర్‌రాజు ముక్కు కింద పెట్టింది.

"మా అనండి."

అతను సిగ్గుపడ్డాడు. భార్య వైపూ తల్లి వైపూ చూశాడు. "మా."

అద్దం మీద రెండు చిన్న ఆవిరి మచ్చలు పడ్డాయి. ఆవిడ తుడిచింది. "ఇప్పుడు ఊపిరి బిగబట్టి, పా అనండి."

"పా."

అద్దం మీద ఏమీ లేదు. సుందర్‌రాజు కళ్లు చిట్లించి చూసి, తనంతట తనే మళ్లీ "మా" అన్నాడు, మళ్లీ "పా" అన్నాడు. ముప్పై రెండేళ్లుగా తను మాట్లాడుతున్నాడు. తన నోట్లో ఇలాంటిది జరుగుతోందని ఆ క్షణం దాకా తెలియదు.

"నోటికీ ముక్కుకీ మధ్య, లోపల వెనకాల, ఒక మెత్తటి తలుపు లాంటిది ఉంటుందండీ" అని చెప్పింది కనకమహాలక్ష్మి. "పా అన్నప్పుడు అది మూసుకోవాలి. అప్పుడే గాలి నోట్లో నిండి పెదాల దగ్గర పేలుతుంది. మీకూ నాకూ పుట్టుకతో ఉంది కాబట్టి మనకి దాని సంగతే తెలీదు. మీ పాపకి అయిదేళ్లు ఆ తలుపే లేదు. నోట్లో గాలి నిలవనప్పుడు పిల్ల ఏం చేస్తుంది? గొంతులో నొక్కి మాట్లాడ్డం నేర్చుకుంది. డాక్టర్లు ఇప్పుడు తలుపు పెట్టారు. కానీ దాన్ని ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు తియ్యాలో పాపకి ఎవరు చెప్పారు? అయిదేళ్ల అలవాటు కత్తితో పోదు. పాప నేర్చుకోవాలి. నేర్చుకుంటోంది కూడా. మీరు మధ్యలో ఆపేశారు."

"ఆపలే" అంది లీలమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు. లీలమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, మొగుడి వైపు చూడకుండా చెప్పింది. "అత్త చేనుకు పోయినంక పశువుల కొట్టంల దినాం చేసినం టీచరమ్మా. మీరు చెప్పినట్టే కోడి ఈక చేతుల పెట్టి, ఊది, ఊదినంక పా అని. పా అయినంక బా. నిన్న మొన్న..." ఆమె ఆగిపోయింది. "హన్నా, ఇటు రా బిడ్డా. బాపు దిక్కు సూడు. చెప్పు."

హన్నా తాత ఒళ్లోంచి లేచింది. తండ్రి ముందు నిలబడింది. పెదాలు రెండూ గట్టిగా కలిపి నొక్కింది. బుగ్గలు కొంచెం ఉబ్బాయి. ఆ చిన్న మొహంలో, బరువైన కుండను నెత్తికి ఎత్తుకోబోయే ఆడమనిషికుండే జాగ్రత్త కనిపించింది. కనకమహాలక్ష్మి అద్దం తీసుకుపోయి పిల్ల ముక్కు కింద పట్టింది.

"బా... పు."

అద్దం తళతళా మెరుస్తూ ఉంది. ఒక్క మచ్చ లేదు.

ఆ మాట మొదటి నుంచీ హన్నా నోట 'మామ్ము' గానే వచ్చింది. పక్కింటివాళ్లు కూడా నవ్వుతూ సుందర్‌రాజును మామ్ము అని పిలిచేవాళ్లు. అతను కూడా నవ్వేవాడు. ఇప్పుడు నవ్వలేదు.

"మల్ల అనుమను" అన్నాడు భార్యతో, పిల్ల ఎదురుగా ఉండగానే.

"బాపు" అంది హన్నా. ఈసారి ఆగకుండా అంది.

కనకమహాలక్ష్మి కళ్లు చెమర్చాయి. విడి అక్షరాల దగ్గరే పిల్లను వదిలింది తను. అక్షరం నుంచి మాటకు దాటడానికి ఇంకా చాలా కాలం పడుతుందనుకుంది. చదువుకోని తల్లి ఒకతె పేడ వాసనలో కూర్చుని, కోడి ఈకతో ఆ పని చేసి పెట్టింది.

సుందర్‌రాజు పిల్లను దగ్గరకు తీసుకోబోయాడు. కానీ హన్నాకు అప్పటికే వేరే పని గుర్తొచ్చింది. టీచరమ్మ చేతిలోంచి అద్దం తీసుకుని మూలకు పరుగెత్తి, టీచరమ్మ పట్టినట్టే తాత ముక్కు కింద పట్టింది.

"తాతా, పా అను."

అహరోను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"తాతను సతాయించకే. మూగోళ్లు అంటరా?" అంది ఏసమ్మ.

"అంటడు" అంది హన్నా. "తాత అంటడు."

లీలమ్మ తల వంచుకుంది. కొట్టంలో తాము ఈకతో కుస్తీ పడుతున్నప్పుడు, ఎడ్లకు గడ్డి వేసే నెపంతో మామ అక్కడే తచ్చాడడం ఆమె చూసింది. ఒకరోజు ఆయన అరచేతిలో కూడా ఒక ఈక ఉండడం చూసింది. పిల్లతో ఆడుతున్నాడనుకుంది.

హన్నా అద్దం దించలేదు. ఆ పిల్ల అడిగితే అహరోను కాదన్నది ఇంతవరకూ లేదు. ఆయన కొడుకునూ, భార్యనూ, ఆ పరాయి ఆడమనిషినీ ఒకసారి చూశాడు. పెదాలు కలిపాడు. విప్పాడు.

వచ్చిన శబ్దం 'పా' కాదు. 'మా' కూడా కాదు. ముక్కులోంచి గాలి బుస్సుమని, దాని వెంట గొంతులో ఒక నొక్కు. అద్దం సగానికి పైగా తెల్లబడింది.

కనకమహాలక్ష్మి లేచి నిలబడింది. మూడు నెలల కిందట హన్నా తన వరండాలో చేసిన శబ్దం అచ్చం అదే.

"ఈయన మూగవాడని మీకెవరు చెప్పారు?" అని ఏసమ్మను అడిగింది.

"ఎవలు చెప్పుడేంది? నన్ను ఇచ్చిన్నాడే చెప్పిండ్రు. మనిషి బంగారం, మాట లేదు అన్నరు. నలభై ఏండ్లాయె. ఎడ్లను హా, హో అని తోలుడు తప్ప ఆయన నోట్లకెల్లి ఇంకోటి వచ్చినట్టు నాకు యాదికి లేదు."

"చెవులు వినిపిస్తాయి కదా?"

"చీమ నడిచినా వినిపిస్తది."

"నీళ్లు ఎలా తాగుతారు?"

ఏసమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. ఆ తర్వాత మెల్లగా చెప్పింది. "గోడ దిక్కు తిరిగి తాగుతడు. తిన్నా గంతే. ఆయన తినేటప్పుడు ఎవలం సూడొద్దు. గది ఆయన అలవాటు. మా పెండ్లయిన కొత్తల ఒక పారి అంబలి తాగుతుంటే ఎదురుంగ పోయిన. ముక్కులకెల్లి అంబలి..."

ఆమె చెయ్యి దానంతటదే తన ముక్కు మీదకు పోయింది.

"జలుబనుకున్న" అంది ఏసమ్మ. "నలభై ఏండ్లు నేను జలుబనుకున్న."

కనకమహాలక్ష్మి అహరోను ఎదురుగా నేల మీద కూర్చుంది. "పెద్దాయనా, ఒక్కసారి నోరు తెరిచి చూపిస్తారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. పెదాలు బిగించి, కాళ్లు ముడుచుకుని, గోడలోకి పోదామన్నట్టు వెనక్కి జరిగాడు. ఎవరెంత చెప్పినా ఆ నోరు తెరుచుకునేది కాదు. హన్నా తాత గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"నాది తూడు" అంది. 'చ' ఇంకా రాదు ఆ పిల్లకు, దాని బదులు 'త' వస్తుంది. తల వెనక్కి వాల్చి నోరు బార్లా తెరిచింది.

అహరోను చూశాడు. ఆపరేషన్ అయిన తర్వాత ఆ నోట్లోకి ఆయన తొంగిచూడడం అదే మొదలు. గులాబీ రంగు అంగిలి, దాని నడుమ ముందు నుంచి వెనక దాకా సన్నటి తెల్ల గీత. చీలిక ఉన్న చోట నిండుగా ఉంది. ఆయన చాలాసేపు చూశాడు. ఇలాంటిది మూయడం మనుషులకు చేతనవుతుందా అన్నట్టు చూశాడు.

తర్వాత పడమటి వాకిలి వైపు తిరిగి, తల ఎత్తి, కళ్లు మూసుకుని, నోరు తెరిచాడు.

వాలిన ఎండ సూటిగా లోపలికి పడింది. కనకమహాలక్ష్మి వంగి చూసింది. అంగిలి నడిమి నుంచి వెనక దాకా విచ్చుకుని ఉంది. కొండనాలుక రెండు పాయలుగా వేలాడుతోంది. ఆ సందులోంచి పైన ముక్కు లోపలి చీకటి కనిపిస్తోంది. మైసూరులో చాలామంది పిల్లల నోళ్లలో ఆవిడ ఈ చీలిక చూసింది. అరవై ఏళ్ల మనిషిలో ఎన్నడూ చూడలేదు. ఈయన ఈ నోటితోనే పుట్టి, తల్లి పాలు ఎలా మింగాడో మింగి, బతికి, పొలం దున్ని, పెళ్లి చేసుకుని, బిడ్డను పెంచాడు. పక్కలో పడుకున్న భార్యకు కూడా తెలియనివ్వలేదు. కనకమహాలక్ష్మికి ఆయనకు నమస్కరించాలనిపించింది.

"రండి, చూడండి" అంది సుందర్‌రాజుతో.

అతను మోకాళ్ల మీద కూర్చుని తండ్రి నోట్లోకి చూశాడు. తొమ్మిది రోజుల పసికందుగా ఉన్నప్పుడు హన్నా నోట్లోకి టార్చిలైటు వేసి చూసిన రోజు గుర్తొచ్చింది. అదే చీలిక. కొలత పెద్దది, అంతే తేడా.

"బాపూ" అన్నాడు.

"ఇది కొన్ని కుటుంబాల్లో రక్తంలోనే దిగుతుందండీ" అంది కనకమహాలక్ష్మి. ఏసమ్మకూ వినిపించేట్టు అంది. "గ్రహణానికీ, సొరకాయకీ, దీనికీ ఏ సంబంధమూ లేదు."

లీలమ్మ ఆ మాట విని కదిలింది. ఏసమ్మ వైపు చూడలేదు. నేరుగా మామ దగ్గరికి నడిచింది. కోడలుగా వచ్చిన ఎనిమిదేళ్లలో ఆయన ముందు ఆమె గొంతు ఎత్తింది లేదు.

"మామా, నీకు ఎర్కనేనా? పిల్ల పుట్టిన్నాడే ఎర్కనేనా?"

అహరోను నోరు మూసుకుని, కళ్లు తెరిచి, తల ఊపాడు.

"ఎర్కుండి ఊకున్నవా? అయిదేండ్లు! ఈ ఇంట్ల నేను తిన్న ప్రతి బుక్కల ఆ సొరకాయ ఉన్నది మామా. చర్చీ కాడ ఆడోళ్లు నా దిక్కు సూసుకుంట గుసగుస పెడ్తె, నా పాపమే అనుకొని తల వంచుకొని పోయిన. నువ్వు గీ మూలకే కూసున్నవు. అన్ని విన్నవు. సైగ అన్న చెయ్యకపోతివి!"

ఇంకోరోజైతే సుందర్‌రాజు భార్యను గద్దించేవాడు. ఇవాళ గద్దించలేదు.

అహరోను ముందుకు వంగాడు. రెండు చేతులూ నేలకు ఆనించి మాట్లాడాడు. అవును, మాట్లాడాడు. ముక్కులో సుడులు తిరిగే గాలి, గొంతులో నొక్కులు, నడుమ నడుమ 'మ' లాంటిదీ 'న' లాంటిదీ ఏదో. పొడుగ్గా, తెగకుండా, ఎన్నేళ్లుగానో ఆపిన నీళ్లకు గండి పడ్డట్టు వచ్చింది ఆ మాట. భార్యకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కొడుక్కూ కాలేదు. కనకమహాలక్ష్మికీ కాలేదు.

హన్నా మాత్రం తాత నోటి వైపే చూస్తూ, తల ఊపుతూ వింది.

కనకమహాలక్ష్మి ఆ పిల్లను గమనించింది. "పాపా, తాత ఏమంటున్నారు? మెల్లిగా చెప్పు. తొందరేం లేదు."

హన్నా టీచరమ్మ పెదాలు చూసింది. ఒక్కొక్క అక్షరమే పెదాలతో పట్టి, నాలుకతో పట్టి, బయట పెట్టింది.

"తాత... తిన్నప్పుడు... మాట్లాడిండంట."

"తిన్నప్పుడా?" అన్నాడు సుందర్‌రాజు.

పిల్ల విసుగ్గా తల ఊపి, అరచేతిని మోకాలి ఎత్తున పట్టి చూపించింది. చిన్నప్పుడు.

"పిల్లలు... అందరు నవ్విండ్రంట. నవ్వి, నవ్వి... తాత నోరు బందు పెట్టిండంట."

ఏసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అహరోను మళ్లీ ఏదో అన్నాడు. ఈసారి లీలమ్మ వైపు చూసి అన్నాడు. హన్నా తల్లి వైపు తిరిగింది.

"నాది తాతదేనంట." వేలితో తన నోరు చూపించి, తాత నోరు చూపించింది. "అమ్మ తప్పు ఏం లేదంట."

తప్పు. ఆ మాటలో రెండే అక్షరాలు. 'త' పలకాలంటే నాలుక పళ్ల వెనక ఆనాలి, 'ప్పు' పలకాలంటే గాలి పెదాల వెనక నిండాలి. అయిదేళ్లు ఈ రెండూ చేతగాని నోరు అది. ఆ నోటితోనే ఆ మాట తేటగా వచ్చింది. వాకిట్లో నిలబడ్డ రిక్షా అతను కూడా ఆ మాట విని లోపలికి చూశాడు.

లీలమ్మ కోపం ఒక్కసారిగా పోలేదు. పోయేంత చిన్నది కాదు అది. ఆమె మామ ఎదురుగా కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. చూస్తుండగా ఆమెకు వేరే రోజు ఒకటి గుర్తొచ్చింది.

"టీచరమ్మా" అంది. "దీనికి పేరు పెట్టే నాడు చర్చీ అయ్యగారు పుష్పమ్మ అని పెడ్దమన్నడు. అందరం సరే అన్నం. అప్పుడు మామ లేసి నిలబడి హన్నా అన్నడు. ఆయన నోట మేం విన్న మాట గదొక్కటే. ముద్దుగనే ఉన్నదని పెట్టినం. హన్నా... దాంట్ల పా లేదు, తా లేదు."

కనకమహాలక్ష్మి ముందుకు జరిగింది. "హ, న. ఆ రెండూ అంగిలి లేకపోయినా పలుకుతాయి."

"గందుకేనా మామా?" అని అడిగింది లీలమ్మ. "పిల్ల తన పేరు తను చెప్పుకోవాల్నని గా పేరు పెట్టినవా?"

అహరోను తల ఊపాడు. ఆయన చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

అహరోను, పుష్పమ్మ, సుందర్‌రాజు. ఈ పేర్లు ఏవీ ఆయన నోట పూర్తిగా రావు, తన పేరులోని 'ర' కూడా జారిపోతుంది. తన పేరు తాను చెప్పుకోలేక పోయిన మనిషి, మనవరాలికి మాత్రం ఆ గతి పట్టకూడదనుకున్నాడు. చేతనైనది ఆ ఒక్కటే చేశాడు. లీలమ్మ చెయ్యి చాచి మామ పాదం మీద పెట్టింది. క్షమించాననలేదు. చెయ్యి తీయనూ లేదు.

సుందర్‌రాజు లేచాడు. "పిల్లను నేను ఎటూ పంప టీచరమ్మా. శనివారం శనివారం నేనే తోలుకొస్త. షిఫ్టు మార్పిచ్చుకుంట."

"నేను అబద్ధం చెప్పనండీ" అంది కనకమహాలక్ష్మి. "ఇంకా 'క' రావాలి, 'గ' రావాలి. 'చ', 'స' ఇంకా కష్టం. నెలలు పడుతుంది, ఏడాదైనా పట్టచ్చు. కొంచెం ముక్కుమాట ఎప్పటికీ మిగిలిపోవచ్చు కూడా. కానీ ఈ పిల్ల మాట్లాడుతుంది. ఎదుటివాళ్లకి అర్థమయ్యేలా మాట్లాడుతుంది. బడికి నేనొచ్చి చెప్తాను పెద్దసారుతో."

"మరి మా బాపుకు? ఆయనకు కుట్టరా?"

"పెద్దవాళ్లకీ కుడతారు. అన్నం, నీళ్లూ ముక్కులోకి రాకుండా ఉంటాయి. మాట సంగతి... అరవై ఏళ్ల అలవాటు. నాకు తెలీదు."

ఏసమ్మ లేచి లోపలికి పోయి, చెంబు నిండా నీళ్లు తెచ్చి, మొగుడి ముందు కూర్చుంది. చెంబు ఆయన చేతికిచ్చింది. ఆయన అలవాటు చొప్పున గోడ వైపు తిరగబోతే భుజం పట్టి ఆపింది.

"ఇటే తిరిగి తాగు" అంది. "ఏదొస్తే అది రానీ. నేను తుడుస్త."

ఆయన తాగాడు. నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. ఆమె తుడిచింది.

తాగి, చెంబు కింద పెట్టి, అహరోను మనవరాలిని దగ్గరకు లాక్కున్నాడు. మెల్లగా ఏదో చెప్పాడు. హన్నా మొహం వెలిగిపోయింది.

"ఐతారం నాడు అందరి ముందు తాత నిలబడి మాట్లాడతడంట. నేను పిల్లలల్ల ఉండొద్దంట. తాత తోటి నిలబడాలంట. తాత అన్నది అందరు వినాలంట."

సుందర్‌రాజు ఆశ్చర్యంగా తండ్రి వైపు చూశాడు. "గుడిల సాక్ష్యం చెప్తవా బాపూ? రేపు?"

చర్చిలో పాటల తర్వాత ఎవరి మనసులో మాట వాళ్లు లేచి చెప్పుకునే ఆ వేళ, నలభై ఏళ్లుగా వెనక వరసలో మౌనంగా కూర్చున్న మనిషి అహరోను. ఆయన అవునన్నట్టు తల ఊపాడు. ఆ తర్వాత హన్నా చెవి దగ్గరికి వంగి, ఇంకేదో చెప్పాడు. ఈసారి చాలాసేపు చెప్పాడు. వింటున్న కొద్దీ పిల్ల మొహంలో నవ్వు పోయింది. ఒకసారి నాయినమ్మను చూసింది. ఒకసారి తండ్రిని చూసింది.

"ఏమన్నడే?" అంది ఏసమ్మ.

హన్నా అరచెయ్యి నోటి మీద పెట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి చెప్పింది. "తాత ఐతారం నాడు తెప్తడంట. ఇప్పుడు తెప్పొద్దన్నడు."

కనకమహాలక్ష్మి నవ్వేసింది. నిన్నటి దాకా మాట రాదని అందరూ ఏడ్చిన పిల్ల, ఇవాళ మాట దాచుకుంటానంటోంది. సుందర్‌రాజు కూడా నవ్వి, టీచరమ్మను రిక్షా దాకా సాగనంపడానికి లేచాడు. గడప దాటుతుంటే హన్నా వెనక నుంచి వచ్చి చొక్కా పట్టుకు లాగింది. తాతకిచ్చిన మాట తప్పలేదు ఆ పిల్ల. ఏమీ చెప్పలేదు. ఒక్క ప్రశ్న అడిగింది, అంతే.

"బాపూ, తాత తెల్లె ఏడ ఉన్నది?"

'త' వెనక ఏ అక్షరం దాగుందో ఈసారి సుందర్‌రాజుకు ఎవరూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. అతను తల తిప్పి తల్లి వైపు చూశాడు. నలభై ఏళ్ల కాపురంలో అహరోనుకు ఒక చెల్లెలుందని ఏసమ్మ ఏనాడూ వినలేదు. ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన కళ్లు దించుకోలేదు.